తూముకాడ పుల్లమ్మ

బేతంచెర్లలో కిరాణాకొట్టు పుల్లమ్మ తెల్లారగానే చీర ఎగదోపుకుని స్నానాలగది తూము దగ్గర గొంతుక్కూర్చుంటుంది. వెదురుబద్దతో పొడిచి, జిడ్డుపట్టిన వెంట్రుకల ఉండల్ని చేత్తోనే లాగుతుంది. చింతపండుతో ఎంత తోమినా వేళ్ల వాసన పోదు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అయినా సెప్టిక్ ట్యాంకు మాత్రం తెరవనీయదు. నిరుడు అందులోకి దిగిన మనిషి ఊపిరాడక చనిపోయాడు. అతని నడుముకు కట్టిన తాడు పట్టుకుని పైన నిలబడింది ఈమే.

మొన్న మురుగు ఇంట్లోకి ఎదురుతన్నితే కొడుకు సుదర్శన్ పోయి, ట్యాంకులు శుభ్రం చేసే నరసింహను పిలుచుకొచ్చాడు. అతను చొక్కా విప్పుతుంటే పుల్లమ్మ పోయి ట్యాంకు మూతబండ మీద కూర్చుంది.

“దిగొద్దప్పా, నీకు దండం పెడతా.”

“దిగకుంటే మాకు కూడు యాడిదమ్మా?”

ఆమె లేవలేదు. నరసింహ చొక్కా భుజాన వేసుకుని గడప దాటాడో లేదో, పక్కింటివాళ్లు పిలిచారు. కాసేపటికి వాళ్ల పెరట్లో బండ జరుపుతున్న చప్పుడు వినిపించింది.