పొన్నచెట్ల ఒడ్డు

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. పలాస స్టేషన్‌లో విశాఖ రైలు కోసం కూర్చుని, ఉద్దానం తీరానికి ఉపగ్రహం పదేళ్ల తేడాతో తీసిన రెండు చిత్రాలను పోల్చి చూసుకుంటున్నాను. వాటిలో చెట్లున్న చోటు ఎర్రగా కనిపిస్తుంది. రెండింట్లోనూ ఎరుపు ఒకేలా ఉంది కాబట్టి, తీరంలో అడవి తగ్గలేదని నివేదిక రాసేశాను. మర్నాడు దాన్ని ఆఫీసులో ఇవ్వాలి.

“ఏటి బాబూ అది?” అని పక్కనున్న పెద్దాయన అడిగాడు. అక్కుపల్లిలో చేపల వేటకు వెళ్లే మనిషట. సంగతి చెప్పి, చిత్రంలో వాళ్ల ఊరు చూపించాను.

ఆయన అక్కడ వేలు పెట్టాడు. “ఇక్కడ పొన్నసెట్ల అడివుండీది. సముద్రంలోంచి దాన్ని సూసే మా ఊరని పోల్సుకునీవోలం. ఈ పదేల్లలోనే అది కొట్టీసి సరుగుడు ఏసీనారు. ఇప్పుడు ఏ ఊరు సూసినా సరుగుడే. మొన్న మంచులో పక్కూరి ఒడ్డుకెల్లిపోనాను.”

చిత్రంలోని ఎరుపును చూపిస్తూ, “పైనుంచి తీసిన మిషనుకి సెట్టు పేరు తెలీదా బాబూ?” అన్నాడు.

“తెలీదండీ” అన్నాను.

రైలొచ్చింది. ఆయన సంచి భుజాన వేసుకుని ఎక్కాడు. నేను ఎక్కలేదు. చిత్రాలు చుట్టేసి, అక్కుపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందని అడుగుతూ బయటికి వచ్చాను.

నివేదిక ఇవ్వడానికి ఇంకో నెల పట్టింది.