ఎర్ర ముడి రాట్నం

ముందే ఒప్పుకుంటున్నాను. గోరంతను కొండంత చేసే జబ్బు నాకుంది. ఆదోనిలో నాలుగు చినుకులు పడితే, మార్కెట్ యార్డులో దూది బేళ్లు తేలుకుంటూ రైల్వే స్టేషన్ దాకా పోయాయని చెప్పే రకాన్ని. ఇందులోనూ ఒక అబద్ధం ఉంది. ఏదో చివర్లో చెప్తాను. దయ్యాలను మాత్రం నేనేనాడూ నమ్మలేదు. యాభై రెండేళ్లలో నన్ను భయపెట్టినవి మా ఊరి ఆటోలే.

పోయినేడు ఒక పాత కెమెరా కొన్నాను, పైన తగిలించే ఫ్లాష్‌తో సహా. బరువు అప్పుడే పుట్టిన దూడంత. ఇంటి లోపల, చీకటి గదిలో మనుషుల్ని ఫోటో తీయడం నేర్చుకోవాలని నా పట్టుదల. ఎందుకని అడక్కండి.

వీడియోలు చూసి చూసి కళ్లు గుమ్మడికాయలయ్యాక తెలిసిందిదీ. డయల్ మీద 'పి' పెడితే అంతా కెమెరా ఇష్టం. మనిషి మొహం సున్నం కొట్టిన గోడలా వస్తుంది, వెనకున్న గది నల్లగా మాయమవుతుంది. 'ఏ' పెడితే, గదిలోని మసక వెలుతురు కోసం కెమెరా సెకను పాటు కన్ను తెరుచుకుని కూర్చుంటుంది. గది కనిపిస్తుంది గానీ, కదిలిందల్లా చెదిరిపోతుంది. 'ఎం'లో అన్నీ మనమే చూసుకోవాలి. కన్ను రెప్పపాటులో మూయిస్తే, తిరిగే చక్రం కూడా ఫ్లాష్ వెలుగులో రాయిలా నిలబడిపోతుంది.

సాధన కోసం మా ఆవిడను వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టి మూడు రకాలుగానూ తీశాను. "ఏంది నీ మెరుపులు? ఆడ పప్పు మాడతాంది, లేసేదా వద్దా?" అని కసిరింది.

అప్పుడే ఎమ్మిగనూరు నుంచి ఈరన్న మామ ఫోన్ చేశాడు. చుట్టం కాదు, నేతగాడు. మా ఆవిడ చీరలన్నీ అతని దగ్గరే కొనేది. "కండ్లు అవపడ్డంలేదప్పా. మగ్గం మీదుండే ఈ చీరే ఆఖరుది. కోసినాక మగ్గం ఇప్పేస్తాండా. అంతలోపల వచ్చి ఒక ఫోటో తియ్యి. మా నాగమ్మ రాట్నం గూడా పడాల."

నాగమ్మ అతని భార్య. పోయి మూడేళ్లయింది. ఆమె పక్కన కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుట్టిస్తే, ఆయన నేసేవాడు. ఆ తర్వాత చుట్టిన కండెలు పొరుగింటి నుంచి తెచ్చుకున్నాడు గానీ, ఆ రాట్నాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చక్రం తిరగకుండా నూలుతో గుంజకు కట్టేశాడు.

నేను పోయేసరికి మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. మగ్గం గదికి ఒక్కటే కిటికీ. చీర ఇంకా జానెడు మిగిలుంది. చక్రం పుల్లల్లో విరిగినదానికి నాగమ్మ కట్టిన ఎర్ర దారం ముడి సరిగ్గా పైన ఉంది. కెమెరాను స్టాండుకు బిగించాను. మరలు ఎంత బిగించానంటే, విప్పాలంటే కర్నూలు నుంచి ఏనుగును తేవాలి. ఇది చెడగొడితే మళ్లీ తీయడానికి మగ్గమే ఉండదు.

'పి'లో మామ ఒక్కడే వచ్చాడు. "మగ్గం యాడికి పోయెప్పా? నేనేమన్నా గాల్లో కూసోనుండానా?" అని నవ్వాడు.

'ఏ'లో ఊపిరి బిగబట్టమన్నాను. మగ్గం వచ్చింది, గుంజ వచ్చింది, మామ వచ్చాడు. రాట్నం చక్రం మాత్రం తిరిగే ఫ్యానులా చెదిరిపోయింది.

స్టాండు కదిలిందేమో అనుకున్నాను. అలాగైతే మగ్గం కూడా చెదరాలి. వెళ్లి చూశాను. నూలు కట్టు తెగలేదు, సడలలేదు.

'ఎం' పెట్టి వరుసగా మూడు తీశాను. చక్రం స్పష్టంగా వచ్చింది. మొదటి ఫోటోలో ఎర్ర ముడి కుడిపక్కనుంది. రెండోదాంట్లో కింద. మూడోదాంట్లో ఎడమపక్క. తలెత్తి రాట్నం వైపు చూశాను. ముడి పైనే ఉంది.

కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి మామకు చూపించాను. దాన్ని కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. భయపడలేదు.

"ఇంగా జానెడు నెయ్యల్ల గదప్పా," అన్నాడు. "నాకు కండె అందియ్యల్లని తిప్పుతాంది."

మళ్లీ అన్నాడు: "ఈ నిలబడిపోయినేటివి నాకొద్దు. ఆ తిరగతాండేది ఇయ్యి."

పాఠాల ప్రకారం అది చెడిపోయిన ఫోటో. దాన్నే పెద్దది చేయించి ఇచ్చాను. మామ ఆ జానెడూ నేసి, చీర కోసి, మగ్గం విప్పేశాడు. రాట్నం మాత్రం ఆ ఫోటో కిందే ఉంది. కట్టు విప్పి పెట్టాడు.

ఆదోనిలో స్టూడియో ఆయనకు చూపిస్తే కెమెరాలోని మెమరీ కార్డు పాడైందన్నాడు. కార్డు పాడైతే ఫోటో పోతుంది గానీ, ముడి కిందికెలా పోతుంది? ఆయన కార్డు నా చేతిలో పెట్టి పక్క గిరాకీ వైపు తిరిగాడు.

ఇక అబద్ధం సంగతి. రాట్నం కాదు. ఆ ఫోటోలు నా దగ్గరే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. కల్పించింది మా ఆవిడ మాట. ఆమె పోయి రెండేళ్లు. నేను సాధన చేసింది ఖాళీ స్టూలు మీద.

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన సాయంత్రం ఆ స్టూలును మళ్లీ పొయ్యి దగ్గర వేశాను. కసిరితే కసరనీ అని పప్పు కూడా పొయ్యి మీద పెట్టాను. 'ఏ'లో తీశాను, 'ఎం'లో తీశాను, బ్యాటరీ అయిపోయేదాకా తీశాను. స్టూలు స్టూలుగానే వచ్చింది.

పప్పు మాత్రం మాడింది.