మా మామ తెచ్చిన మలయా రాముడు

మొన్న మధ్యాహ్నం కునుకు పట్టక టీవీ ముందు కూర్చుంటే, మలేషియాలో ఏదో మ్యూజియంలో అద్దాల వెనక నిలబెట్టిన తోలుబొమ్మలు చూపించారు. ఆకుపచ్చ ముఖం, మొనదేరిన కిరీటం, కాళ్ళకింద పాములాంటి పడవ ఉన్న ఒక బొమ్మను చూడగానే మా మామ తెచ్చిన రాముడని గట్టిగా అరిచేశాను. నాకేదో అయిందనుకుని మనవరాలు మంచినీళ్ళు తెచ్చింది.

నాకప్పుడు పదేళ్ళు. మలయా రబ్బరు తోటల్లో పనికి పోయిన మా మేనమామ, ఇక రాడని అందరూ ఆశ వదులుకున్నాక, రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు చిక్కి శల్యమై చిత్తూరులో బస్సు దిగాడు. ఆయన రేకుపెట్టెలో రెండు చొక్కాలూ, వాటి మడతల్లో మూరెడు తోలుబొమ్మా తప్ప మరేం లేవు. యుద్ధంలో తిండి దొరక్క జనం అల్లాడుతుంటే, అక్కడ బొమ్మలాడించే ముసలాయన ఒకడు తన పెరటి కర్రపెండలం పంచిపెట్టి మామను బతికించాడట. కన్నుమూసేముందు తన రాముణ్ణి మామ చేతిలో పెట్టి, మీ దేశంవాడే కదా తీసుకుపొమ్మన్నాడట.

ఆ ముసలాయన సాయిబని, ఐదు పూటలా నమాజు చేసేవాడని మామ చెప్పేసరికి ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు. ఇంత పొడుగు ముక్కు రాముడిదెట్లా అవుతుంది, లక్ష్మణుడి కత్తికి దొరకని శూర్పణఖదేమో అని అవ్వ ఎగతాళి చేసింది. మామ నవ్వలేదు. నాకు మాత్రం అది రాముడా కాదా తేలేదాకా అన్నం సయించలేదు. మూడోనాడు పొద్దున్నే ఊరి చివర గుడిసెలో ఉండే మా తోలుబొమ్మలాట పెద్దాయన్ను వెంటబెట్టుకొచ్చాను.

ఆయన బొమ్మను ఎండకెత్తి చూశాడు. మన బొమ్మల్లా వెలుతురు పారే పలచని తోలు కాదు, కదిలేది ఒక్క చెయ్యే, అదీ మోచేతి దగ్గర తెగి ఉంది. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ఒకే మాటడిగాడు.

"ఆ ముసిలాయప్ప బొమ్మల పెట్టెలో దీన్ని యాడ పెడతా ఉండెనప్పా?"

అన్నిటికీ పైన, రాక్షసుల బొమ్మలు తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టేవాడని మామ చెప్పాడు. పెద్దాయన బొమ్మను కళ్ళకద్దుకున్నాడు.

"మేమూ అట్లే పెడతాం. ఈయన రాముడే. అయితే చెయ్యి తెగిన సామిని ఇంట్లో పెట్టుకోగూడదప్పా, నీళ్ళకు ఇడిసిపెట్టాల."

ఆయన్ను పిలుచుకొచ్చింది నేనే. మామ ముఖం చూడలేక అవ్వే దిగివచ్చి, ఏదో ఆటబొమ్మ అనుకుందాంలే, అటక మీద పడుంటుంది అంది. మామ తల అడ్డంగా ఊపాడు.

"ఆయప్ప రాముడనే ఇచ్చినాడు. నేను కాదని యెట్లనేది?"

ఆ ఏడు వానలు బాగా పడి నీవా నది నిండుగా పారుతోంది. పెద్దాయన కర్పూరం వెలిగించాడు. మామ మోకాలి లోతు దిగి, బొమ్మను నీళ్ళలో వదిలి, వెనక్కి తిరగకుండా చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎన్నో ఏళ్ళు బతికినా నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

టీవీలో చూసిన రాముడిదీ చెయ్యి తెగిందే. అక్కడ దాన్ని దారంతో కుట్టి, దీపాల వెలుగులో భద్రంగా నిలబెట్టారు. పక్కనే, అంగుళం ఎడంలో, పదితలల రావణుడున్నాడు. ఇద్దర్నీ అట్లా పక్కపక్కన పెట్టకూడదని చెప్పేవాళ్ళు ఆడా లేరు, ఈడా లేరు.