ముందు ఏం తిన్నావో చెప్పు

"నువ్వు మా తమ్ముడివేనని నమ్మకమేంటి?"

"అక్కా, నీ గేటు ముందే నిలబడ్డానే! కిందికి దిగి చూడు!"

"దిగొచ్చో లేదో తెలియకుండా ఎలా దిగుతాను? చెప్పు, మొన్న శనివారం మా ఇంట్లో కంచంలో ఏం వదిలేశావు?"

"ఎండలో చచ్చిపోతున్నాను!"

"ఎండ అందరికీ తగులుతుంది. కంచం సంగతి చెప్పు."

"కరివేపాకు! ఏరి పక్కన పెట్టాను. చాలా?"

"ఆఁ, నువ్వే. ఉండు ధర్మా, వస్తున్నా."

అశోక్‌నగర్‌లో టు-లెట్ బోర్డు చూసి అదే గేటు ముందు ఆగిన సృజన్, చెమటలు కక్కుతున్న ఆ పెద్దమనిషి వంకా ఆయన చేతిలోని ఫోను వంకా మార్చి మార్చి చూశాడు. ఫోన్లో వినిపించే గొంతే మేడ మీది నుంచీ వినిపిస్తోంది.

"మా అక్కయ్య," అన్నాడు ధర్మారావు, మొహం తుడుచుకుంటూ. "గది కోసమా బాబూ? గది మంచిదే. నీకు జ్ఞాపకశక్తి ఉందా?"

ఆ అక్కయ్య, వేదవతి గారికి ఉన్న పిచ్చి అదొక్కటే. ఫోన్లో ఎవరి గొంతునూ నమ్మరు. గుడివాడ నుంచి ఉద్యోగానికని వచ్చి, ట్రంకు కాల్స్ కలిపే ఆపరేటరుగా పనిచేసి, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. ఒక్క 'హలో' వింటే చాలు, అవతలివాడు ఎవరో, పొద్దున పెళ్ళాంతో పోట్లాడాడో లేదో కూడా చెప్పేసేవారట. అలాంటావిడ ఒకనాడు టీవీలో చూశారు, మనిషి గొంతు కాస్త వింటే చాలు, ఏఐ దాన్ని అచ్చు దించేస్తుందని. ఎవరో చెంప మీద కొట్టినట్టు కూర్చుండిపోయారు. మర్నాటి నుంచి పరీక్షలు మొదలు.

అలాగని యంత్రం మీద ఆవిడకు పగేం లేదు. మందుల చీటీలో ఇంగ్లీషును దానిచేతే తెలుగు చేయించుకుంటారు. కళ్ళజోడు దొరకనప్పుడు కరెంటు బిల్లు చదివించుకుంటారు. అంతా అయ్యాక "ఉంటాను నాయనా" అని దానికీ చెబుతారు. "దానికి అన్నీ తెలుసు అబ్బాయ్, నా ఇంట్లో ఏం వండానో తప్ప. అందుకే తిండి గురించే అడుగుతాను."

ఇందులో ఇంకో చిక్కుంది. ఒకసారి ఫోన్లో అడిగిన ప్రశ్న మళ్ళీ పనికిరాదు. "ఫోను వినేసింది, ఇంక అది ఎంగిలి." కాబట్టి అందరికీ ఎప్పటికప్పుడు కొత్త ప్రశ్న కావాలి. కొత్త ప్రశ్న కావాలంటే వచ్చి కొత్తగా ఏదో ఒకటి తినాలి. గ్యాసు సిలిండర్ తెచ్చే ఈరన్న వీధి మొదట్లోంచి ఫోన్ చేస్తే చాలు, పరీక్షే.

"అమ్మా, బండ తెచ్చిన."

"పోయినసారి మజ్జిగలో ఏం వేశాను?"

"అల్లం."

"ఇంకా?"

"ఇంకేం లేదమ్మా, ఉప్పు గూడ మరిసిన్రు!"

"నువ్వే, రా. ఇవాళ పానకం చేశాను, ప్రశ్న అయిపోయింది."

క్రెడిట్ కార్డు అమ్మడానికి ముంబై నుంచి ఫోన్ చేసిన కుర్రాడికి కూడా మినహాయింపు లేదు. మా ఇంట్లో ఏం తిన్నావని అడిగారు. ఏమీ తినలేదన్నాడు. "అయ్యో, అయితే ముందు వచ్చి తిను నాయనా, కార్డు సంగతి తర్వాత చూద్దాం," అన్నారు. అతను మళ్ళీ ఫోన్ చేయలేదు.

సృజన్ ఆ గదిలోనే దిగాడు. జనగామ పిల్లవాడు. నారాయణగూడలో ఇంజనీరింగ్ చదువుతూ మూడో ఏడులో మానేశాడు. ఎందుకు మానేశావంటే "నచ్చలే" అంటాడు, అంతకు మించి పెగలదు. ఒకచోట నిలబడడు, ఇంకే మాటా దాచుకోడు. కోచింగ్ సెంటర్లకు కరెంట్ అఫైర్స్ వీడియోలు చేస్తాడు. గొంతు తనది, హంగులన్నీ ఏఐవి. దాని పుణ్యమా అని కిరాయి కడుతున్నాడు, ఎవరి ముందూ చెయ్యి చాచడం లేదు. కానీ చదువు మానిన రోజు నుంచి తండ్రి నాగేందర్ అతనితో మాట్లాడటం మానేశాడు. ఫోన్ మోగితే చాలు, సృజన్ ముందు పేరు చూస్తాడు. ఆ పేరు మాత్రం రాదు. తను చేద్దామంటే పౌరుషం.

వేదవతి గారు మాత్రం గది ఇచ్చిన రోజే జనగామ నంబరు అడిగి తీసుకుని, ఆయన ఎలక్ట్రికల్ షాపుకు ఫోన్ చేశారు. "మీ అబ్బాయి మా ఇంట్లో దిగాడు. ఏ కంగారొచ్చినా ముందు నాకు చేయండి." అటునుంచి "మంచిదమ్మా" అన్న ఒక్క మాట వచ్చి ఫోన్ కట్టయింది. సృజన్ మండిపడ్డాడు. "మీకెందుకు ఆంటీ మా పంచాయితీ?" ఆవిడ అతని ముందు పళ్ళెం పెట్టారు.

ఒకరోజు పొద్దున నారాయణగూడ ఫ్లైఓవర్ మీద సృజన్ బండి జారింది.

"ఆంటీ, మోకాలు మొత్తం గీసుకపోయింది. ధర్మారావు అంకుల్‌ని జర కారు తెమ్మనుండ్రి."

"అయ్యయ్యో! పొద్దున ఉప్మాలో ఏం వేశాను?"

"రక్తం కారుతుంది ఆంటీ!"

"రక్తం ఎవరికైనా కారుతుంది నాయనా. ఉప్మాలో?"

"జీడిపప్పు!"

"ఎంత?"

"ఒక్కటే తగిలింది! అది గూడ సగమే!"

"నువ్వే. కదలకు, వస్తున్నాం."

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం సృజన్ రికార్డింగు ముగించుకుని ఇంటికొచ్చాడు. స్టూడియోలో ఆపిన ఫోను ఇంకా ఆపే ఉంది. గేటు తీస్తుండగా వరండాలోంచి ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. ఇంకో అడుగు వేశాక తెలిసింది. ఆ ఏడ్చే గొంతు తనదే.

"నాయినా, నన్ను పట్టుకున్నరు... నా ఫోన్ గుంజుకున్నరు... జల్ది పైసలు పంపు..."

వేదవతి గారు పాత కాలపు ఆపరేటరులా నిటారుగా కూర్చున్నారు. ఎదుట బల్ల మీద ఫోను. అందులోంచి మరో గొంతు వణుకుతూ వచ్చింది. "ఏదంటే అది ఇస్త సార్, పిలగాన్ని కొట్టకుండ్రి." సృజన్ అక్కడే ఆగిపోయాడు. అది తండ్రి గొంతు.

ఆవిడ అతన్ని చూశారు. చూసి, ఆగమన్నట్టు చెయ్యెత్తి, పరీక్ష కొనసాగించారు.

"నాగేందర్ గారూ, వాళ్ళ ఫోనూ నాకు చేసిన ఫోనూ మూతికి మూతి ఆనించారుగా? అలాగే పట్టుకోండి. సృజన్, ఏడవకు నాయనా. నిన్న సాయంత్రం నా మెట్ల మీద కూర్చుని ఏం తిన్నావు?"

ఏడుపు టక్కున ఆగింది.

"బి... బిర్యానీ, ఆంటీ."

"బిర్యానీయా! పూజగది ఎదుట నా మెట్ల మీద బిర్యానీయా! నాగేందర్ గారూ, ఆ ఫోను పెట్టేయండి. పైసా పంపకండి. వాడు మీవాడు కాదు."

"గొంతు వాడిదేనమ్మా! అచ్చం వాడే!"

"గొంతు వాడిదే. పొట్ట వాడిది కాదు."

అటు ఒక ఫోను కట్టయిన చప్పుడు వచ్చింది. తర్వాత నాగేందర్ మెల్లగా అడిగాడు. "మరి మావోడు ఏం తిన్నడమ్మా?"

"పొట్లకాయ పెరుగు పచ్చడి. మళ్ళీ అడిగి వడ్డించుకున్నాడు."

"వాడు పొట్లకాయ ముట్టడమ్మా. ఇంట్ల వండితే అలిగి పంటుండె."

"ఇప్పుడు తింటున్నాడు. మీరు అడిగి చాలా కాలమైంది కదా." ఆవిడ ఫోను సృజన్ చేతిలో పెట్టారు. "ఇదిగో, అసలువాడు వచ్చాడు. నా మాట మీద నమ్మకండి, మీరూ ఒక ప్రశ్న వేసుకోండి."

నాగేందర్ అడిగాడు. "మన షాపు షట్టర్ ఎట్ల తీస్తరు?"

"ఎడమ దిక్కు ఒక్క తన్ను తన్నాలె," అన్నాడు సృజన్. "అప్పటికీ రాకపోతే నిన్ను పిలవాలె."

అటునుంచి నవ్వు లాంటిది ఒకటి వచ్చి, మధ్యలో విరిగింది. "ఆదివారం వస్త. ఇంట్ల ఉండు."

ఫోను పెట్టేశాక సృజన్ మెట్ల మీద కూర్చున్నాడు. వేదవతి గారు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

"అది నువ్వు కాదని రెండో మాటకే తెలిసింది," అన్నారు. "నిజంగా ఏడ్చేవాడికి మాట మధ్యలో ఊపిరందదు. దానికి అందింది."

ఇది నిజమో, పాత ఉద్యోగపు గొప్పో సృజన్‌కు తెలియలేదు. "తెలిస్తే మళ్ళ ప్రశ్న ఎందుకు?"

"మీ నాన్నకు తెలియాలిగా."

"మరి మమ్మల్నందరినీ రోజూ సతాయించుడు? గొంతు గుర్తుపడతరు కదా!"

"ఊరికే రమ్మంటే ఎవరొస్తారు? తీరిక లేదు ఆంటీ అంటారు. ప్రశ్న అయిపోయిందంటే మాత్రం, మళ్ళీ గేటు దగ్గర ఆపేస్తానని భయపడి వచ్చి కూర్చుంటారు." అని ఆవిడ అతని పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. "సరే, నీకో పరీక్ష. రేపు ఎవడైనా నా గొంతుతో నీకు ఫోన్ చేస్తే, నన్నేం అడుగుతావు?"

సృజన్ గుర్తు చేసుకున్నాడు. ఆవిడ వడ్డించినవన్నీ గుర్తొచ్చాయి. ఆవిడ తినగా చూసింది ఒక్కటీ గుర్తు రాలేదు.

"చూశావా? ఇంతమందిని అడిగాను, నన్ను అడగడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు." ఆవిడ గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "రేపు సాయంత్రం బండి మీద నన్ను నారాయణగూడ తీసుకెళ్ళి మిరపకాయ బజ్జీలు తినిపించు. మెల్లగా నడుపు. నేనెలా తింటానో బాగా చూసుకో. బీపీ మనిషిని, ధర్మారావుకు మాత్రం చెప్పకు."