కుందారపల్లి కమ్మరాయన

యాభైల చివర్లో కృష్ణగిరిలో జరిగిన చదరంగం పోటీలో, మొదటి ఆటకే నా ఎదుట కుందారపల్లి కమ్మరాయన కూర్చున్నాడు. హోసూరులో నన్ను ఓడించినవాడు లేడన్న గర్వం నాది. తన పావు పోయినప్పుడల్లా ఆయన దాన్ని పైపంచెతో తుడిచి, "పోయి రాప్పా" అని సాగనంపి నా చేతికిచ్చేవాడు. చివరికి ఆయనకు రాజు ఒక్కటే మిగిలింది. నాకు మంత్రీ రెండు ఏనుగులూ ఉన్నాయి.

"సమానం చేసుకుందామాప్పా? శానా అలిసిపోయినట్టుండావు," అన్నాడు జాలిగా.

నాకు నవ్వొచ్చింది. బల్లవైపు సరిగ్గా చూడకుండానే మంత్రిని ఠీవిగా జరిపాను. ఆయన రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. నియమం ప్రకారం అలాంటి ఆట సమానమే. ఆ అర పాయింటుతోనే చివరికి నాకు కప్పు తప్పిపోయింది.

ఆ రోజు ఆట ముగియగానే ఆయనే నా భుజం తట్టాడు.

"నేను అడిగినప్పుడే ఒప్పుకొనుంటే, ఈపాటికి ఇద్దరమూ కాఫీ తాగతా ఉంటిమి గదప్పా!"