సబ్బు తగలని వేరు

ఆలివ్ నూనె సబ్బుకి పేరుమోసిన నాబ్లస్‌లో ఆ సబ్బు మీద ఈగ వాలనివ్వని వాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, అబూ లుత్ఫీ అంతటి మొండివాడు ఇంకొకడు లేడు. బతుకంతా సబ్బు కార్ఖానాలో ముక్కలు కోసి, పేర్చి, ఆరబెట్టిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక ఇంటిపట్టున పడ్డాడు. పడ్డవాడు ఊరుకున్నాడా! గిన్నెలు సర్దబోయి పగలగొట్టాడు, కిటికీ తుడవబోయి కర్టెన్ చింపాడు. "నీకో దండం, ఏ పనీ ముట్టుకోకుండా కూర్చోవయ్యా" అనేది భార్య ఉమ్మ్ లుత్ఫీ. ఆ మాటకి ప్రాణం చివుక్కుమనేది. ఇంట్లో ఒక్క పనైనా తన చేతికి అప్పగిస్తే చాలని అతని తాపత్రయం.

ఉమ్మ్ లుత్ఫీకి ముందుగదిలో ఓ చేపలతొట్టె ఉంది. అందులో ఓ నారింజరంగు ముసలి చేప. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక ఆవిడ కబుర్లన్నీ దాంతోనే. దానికి దాక్కునే చోటుంటే బాగుండునని ఆవిడ అనడమే తడవు, అబూ లుత్ఫీ తమ్ముడి తోటకు పోయి, ఎప్పుడో ఎండి బెరడు రాలిన ఆలివ్ వేరొకటి తెచ్చాడు. తన సబ్బుతో నురగలు కక్కేలా తోమాడు. సబ్బు పెట్టకుండా నాబ్లస్ వాడు ఏం కడుగుతాడు మరి! ఆవిడ బజారు నుంచి వచ్చేలోగా తొట్టెలో పెట్టేశాడు.

ఆవిడ వచ్చేసరికి నీటిమీద నురగ. చేప పైకొచ్చి ఎగపోస్తోంది.

"దేంతో కడిగావయ్యా దీన్ని?"

"మన సబ్బేనే! ఉత్త ఆలివ్ నూనేగా. పసిపిల్లల ఒంటికి రుద్దుతాం కదా!"

"పసిపిల్లలు నీళ్ళలో ఊపిరి పీలుస్తారా? నీ సబ్బు తగలెయ్య! ఆ బకెట్ పట్టుకురా!"

కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊరు గనక ఇంటినిండా నిలవనీళ్ళే. అదే చేప అదృష్టం. దాన్ని బకెట్లోకి మార్చి ఆవిడ పక్కనే కూర్చుంది. చేప మెల్లగా తేరుకుంది. తొట్టె నీళ్ళన్నీ పారబోసి, కడిగి, మళ్ళీ నింపాక దాన్ని అందులో వదిలింది. మొగుడితో మాత్రం ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండును, పాపం!

కర్రలోకి ఇంకిన సబ్బు ఇక పోదని ఏళ్ళ తరబడి సబ్బు కోసిన అతని చేతులకి తెలుసు. ఆ వేరును పొయ్యిలో పెట్టి, ఇంకొకటి తెచ్చాడు. దీన్నెలా కడగాలని పెంపుడు చేపల కొట్టు హైసమ్‌ని అడిగాడు.

"వేడినీళ్ళు, కొత్త బ్రష్షు, ఓపిక. ఇంకేమీ వద్దు మామా" అన్నాడు హైసమ్.

వాడుక మానేసిన పెద్ద గిన్నెలో వేరును ఉడకేశాడు. నీళ్ళలోకి టీ డికాక్షన్‌లా రంగు దిగింది. పారబోసి మళ్ళీ పోశాడు, రోజూ మార్చి నానబెట్టాడు. కాఫీకొట్టు మిత్రులు ఊరుకుంటారా? "ఏమోయ్, సబ్బు మానేశావటగా! కార్ఖానాలో తెలిస్తే ఊళ్ళోంచి వెలేస్తారు!"

ఉమ్మ్ లుత్ఫీ కూడా చివరికి నోరు విప్పింది. "ఊరందర్నీ భోజనానికి పిలుస్తావా ఏంటి, ఆ వేరు వండి?" ఆ వెటకారానికే అతని మొహం వెలిగిపోయింది.

నీళ్ళు తేటగా నిలిచాక, వేరు తేలకుండా మునిగాక, తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "నువ్వే పెట్టవే. నాకు భయం."

ఆవిడ పెట్టింది. చేప దూరంగా చూసింది, చుట్టూ తిరిగింది, మెల్లగా వేరు కిందకి దూరి నిలబడింది. ఇద్దరూ చాలాసేపు అలాగే చూశారు.

"అడుగున రాళ్ళకి పాకుడు పట్టింది," అందావిడ, అతని వైపు చూడకుండానే. "రేపు నువ్వే కడుగు."

అబూ లుత్ఫీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉత్త నీళ్ళతోనే," అన్నాడు.