సంచి లోపలి గుడ్డ

నరసన్నపేటలో మాకు కుట్టుపని నేర్పిన టీచరమ్మ మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. కబురు తెలిసిన గంటలోపే మా కుట్టువాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలు. బతికినన్నాళ్లూ ఆవిడని పిచ్చిదన్న నోళ్లే ఇప్పుడు "దేవతండీ" అంటున్నాయి. ఆవిడ ఇంటికి అందరికంటే పెద్ద దండ తెచ్చినవాడు మాకు గుడ్డలమ్మే వ్యాపారి. వాడు కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఒళ్లు మండింది.

వాడికీ ఆవిడకీ ఎప్పుడూ పడేది కాదు. మేం బడిపిల్లలకి క్యారేజీ సంచులు కుడతాం. పులుసు కారినా బయటికి రాకుండా లోపల పూత గుడ్డ వేయాలి. వాడోసారి తళతళలాడే గుడ్డ తానొకటి తెచ్చి, "ఫుడ్ గ్రేడండీ" అన్నాడు. ఆవిడ ఓ ముక్క కత్తిరించి, పూత వైపు గరిటెడు వేడన్నం పెట్టి, మడిచి పక్కన పెట్టారు. చేతిలో ఉన్న జిప్పు కుట్టడం అయ్యాక విప్పి, వాడి ముందుకు తోశారు.

"తిను బాబూ."

"నేను తినేసే వచ్చానమ్మా."

"పిల్లలు పండు ముక్కా బిస్కెట్టూ సంచిలోనే పడేస్తారు. నువ్వు తినవు గానీ ఆళ్లు తినాలేటి?"

అన్నం కొత్త చెప్పుల కంపు కొట్టింది. అలాగని వాసన లేని గుడ్డనీ ఆవిడ నమ్మేవారు కాదు. "కంపు లేకపోతే మంచిదైపోతాదేటి? పూత దేంతో ఏశారో, తిండికి తగలొచ్చో లేదో, పరీక్ష సేసిన కాగితం సూపించు" అనేవారు. పీవీసీ ప్లాస్టిక్ పూత అని తెలిస్తే ముట్టుకునేవారే కాదు.

మనిషి కటువు. నా వంకర కుట్టు చూసి, "ఇది సంచేనా, ఎలక కొరికిందా?" అన్నారు అందరి ముందూ. అయినా ఈరోజు నా చేతిలో పనుందంటే ఆవిడ చలవే.

వ్యాపారిని తిట్టాను కాబట్టి నా సంగతీ చెప్పాలి. ఆవిడ జ్వరంతో పడుకున్న వారం, మా అమ్మాయి చదివే బడికి పదమూడు సంచులు ఇవ్వాల్సొచ్చింది. మంచి గుడ్డ ఒక్కదానికే మిగిలింది. రెండు రోజులాగమని చెప్పొచ్చు. నేను చెప్పలేదు. వాడి దగ్గర ఆ తళతళ గుడ్డే తెచ్చి మిగతా పన్నెండూ కుట్టిచ్చేశాను. లోపల ఏముందో ఎవరు చూస్తార్లే అనుకున్నాను.

జ్వరం తగ్గి వచ్చిన రోజే, మిషను కింద కత్తిరింపులు చూసి ఆవిడ కనిపెట్టేశారు. నన్ను ఆటో ఎక్కించి బడికి తీసుకెళ్లారు. బడి వదిలే వేళ గేటు దగ్గర పిల్లల్ని ఆపి, ఒక్కో సంచీ ఖాళీ చేయించి వెనక్కి తీసేసుకున్నారు. తన నేతచీర ఒకటి వెంట తెచ్చారు. దాన్ని పరపరా చింపి, "మూటలు కట్టియ్యి" అన్నారు. పన్నెండు క్యారేజీలూ కట్టిచ్చాను. తల్లులంతా చూస్తూనే ఉన్నారు.

చివరిది నా కూతురి సంచి. ఆవిడ జిప్పు తీసి లోపల వేళ్లతో తడిమారు. మంచి గుడ్డ. తలెత్తి నా మొహంలోకి చూశారు. తిడతారనుకున్నాను. తిట్టడానికి కూడా ఆవిడ కంటికి నేను ఆనలేదు. జిప్పు వేసి, సంచిని దాని భుజానికే తగిలించి, "ఎల్లమ్మా" అన్నారు.

పిల్లలు గుంపుగా ఇళ్లకి బయల్దేరారు. పన్నెండు మంది చేతుల్లోనూ ఒకే చీర ముక్కలు. వాళ్ల మధ్య నా కూతురొక్కతే సంచి వేసుకుని నడిచింది.